రిపోర్టులో రక్తనాళాల మాట: ఊపిరితిత్తుల క్యాన్సర్‌పై పాఠకుల ప్రశ్నలు

ఊపిరితిత్తుల కణితిలో పెరిగే రక్తనాళాల గురించి, వాటిని బట్టి రోగి భవిష్యత్తు చెప్పవచ్చా అన్న దాని గురించి, వాటిని అడ్డుకునే మందుల గురించి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువమందికి పనికొచ్చేవి ఈసారి తీసుకున్నాం. పాథాలజీ, క్యాన్సర్ వైద్యం రెండు విభాగాల నిపుణులూ కలిసి జవాబులిచ్చారు.

ప్రశ్న: మా నాన్నగారికి 64 ఏళ్లు. కుడి ఊపిరితిత్తి పైభాగంలో ఉన్న 3.4 సెం.మీ. కణితిని ఆపరేషన్ చేసి తీసేశారు. లింఫు గ్రంథుల్లో ఏమీ లేదన్నారు. అయితే పాథాలజీ రిపోర్టులో 'లింఫోవాస్కులర్ ఇన్వేజన్: ప్రెజెంట్' అని రాశారు. కణితిలో రక్తనాళాలు ఎక్కువైతే ఆయుష్షు తక్కువని చదివి ఇంట్లో అందరం బెంగపడుతున్నాం. ఇక కీమో తప్పదా?

జవాబు: మీరు చదివినది ఒకటి, రిపోర్టులో ఉన్నది వేరొకటి. మీరు చదివినది కణితి తన పోషణ కోసం కొత్తగా మొలిపించుకునే సన్నటి నాళాల గురించి. రిపోర్టులో ఉన్న మాటకు అర్థం, క్యాన్సర్ కణాలు సిరలోకో ధమనిలోకో లింఫు నాళంలోకో గోడ తొలుచుకుని దూరాయని. మొదటిది కణితికి సరుకు అందే దారి, రెండోది కణితి బయటికి పోయే దారి. రోగి భవిష్యత్తు లెక్కలో ఎక్కువ బరువున్నది రెండోదే.

అలా దూరిందని తేల్చడం అన్నిసార్లూ తేలిక కాదు. ఫార్మాలిన్‌లో ఉంచిన కణజాలం కుంచించుకుపోయి, కణితి గుంపుల చుట్టూ ఖాళీ ఏర్పడుతుంది. మామూలు రంగు వేసిన స్లైడులో ఆ ఖాళీ అచ్చం నాళంలా కనబడి మోసం చేస్తుంది. సందేహం ఉన్నప్పుడు ఎలాస్టిక్ రంగు వేస్తే సిర గోడలోని సాగే పీచు నల్లగా తేలుతుంది. లింఫు నాళమో కాదో చూడడానికి డీ2-40, రక్తనాళానికి సీడీ31 లేదా సీడీ34 అనే యాంటీబాడీలు (ఎంచుకున్న రకం కణాలకే అంటుకునే ప్రొటీన్లు) వాడతారు. రిపోర్టులో రక్తనాళమా లింఫు నాళమా అన్నది విడిగా రాయకపోతే పాథాలజిస్టును అడిగి తెలుసుకోవచ్చు. స్లైడులు, మైనపు దిమ్మెలు ల్యాబులో భద్రంగానే ఉంటాయి కాబట్టి మళ్లీ రంగు వేసి చూడడం సాధ్యమే.

మీరు రాసిన వివరాలను బట్టి అది 1బీ దశ. నాళంలోకి దూరినంత మాత్రాన దశ మారదు. ఊపిరితిత్తిని కప్పే ప్లూరా పొరలోకి చొచ్చుకుపోతే మాత్రం, కణితి 3 సెం.మీ. లోపు ఉన్నా దశ పెరుగుతుంది. ఆపరేషన్ తర్వాత ఖరారైన 1బీ దశ వారిలో అయిదేళ్లు దాటి బతికినవారు 73 శాతమని, క్యాన్సర్ దశలను నిర్ణయించే టీఎన్‌ఎం పద్ధతి 8వ కూర్పు లెక్క. నాళంలోకి చొరబాటు ఉన్నవారిలో వ్యాధి తిరగబెట్టే అవకాశం ఆ సగటు కంటే కొంత ఎక్కువ. ఎంత ఎక్కువన్నది ఒక వ్యక్తి విషయంలో అంకె వేసి చెప్పగలిగేది కాదు.

4 సెం.మీ. లోపు కణితికి, గ్రంథుల్లో ఏమీ లేనప్పుడు, కీమో అందరికీ ఇవ్వరు. లాభం ఉందని రుజువు కాకపోవడమే కారణం. కణాలు బాగా తీరు మారిపోవడం, రక్తనాళంలోకి దూరడం, ప్లూరాను తాకడం, లోబ్ (ఊపిరితిత్తిలోని ఒక పెద్ద భాగం) మొత్తం కాకుండా ముక్క మాత్రమే కోసి తీయడం, గ్రంథులను సరిగ్గా పరీక్షించకపోవడం వంటివి ఉన్నప్పుడు కీమో గురించి చర్చిస్తారు. ఒక్క లక్షణం చూసి మొదలుపెట్టేది కాదు. ఆంకాలజిస్టు దగ్గర ఈ మూడు అడగండి: ఎన్ని లింఫు గ్రంథులు, ఏయే చోట్ల నుంచి తీశారు? కోసిన అంచులో కణితి లేదని రాశారా? కణితిలో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువు మారిందా అన్న పరీక్ష అయిందా? మూడోది మరవకండి. ఆ మార్పు ఉంటే 1బీ దశ నుంచే ఆపరేషన్ తర్వాత రోజుకు 80 మి.గ్రా. ఒసిమెర్టినిబ్ మాత్ర మూడేళ్లు వాడే వైద్యం ఉంది, దానివల్ల ఆయుష్షు పెరుగుతుందని రుజువైంది కూడా. మీ నాన్నగారి విషయంలో రక్తనాళాల మాట కంటే ఈ పరీక్ష ఫలితమే వైద్యాన్ని ఎక్కువగా మార్చగలదు.

ప్రశ్న: అసలు కణితికి కొత్త రక్తనాళాలు ఎందుకు? ఊపిరితిత్తి నిండా రక్తమే కదా!

జవాబు: రక్తనాళం నుంచి ఆక్సిజన్ కణజాలంలోకి ఇంకిపోగలిగే దూరం 100 నుంచి 200 మైక్రాన్లే. అంతకన్నా దూరంలో ఉన్న కణాలకు ఊపిరాడదు. అందుకే కొత్త నాళాలు లేకుండా కణితి 1, 2 మిల్లీమీటర్లు దాటి పెరగడం కష్టం. ఈ సంగతిని 1971లో జూడా ఫోక్‌మన్ అనే సర్జను ప్రతిపాదించారు. నాళాలను ఆపితే కణితిని ఆపవచ్చన్న ఆలోచన అక్కడి నుంచి మొదలైంది. ఆక్సిజన్ తగ్గిన కణంలో హిఫ్-1 అనే ప్రొటీన్ పోగుపడి, వీఈజీఎఫ్ అనే సంకేతాన్ని బయటికి పంపిస్తుంది. పక్కనున్న నాళం గోడ కణాలు ఆ సంకేతం వచ్చిన వైపు మొలకెత్తుతాయి. కణాలు ఆక్సిజన్‌ను పసిగట్టే ఈ తీరును కనిపెట్టినందుకే 2019లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి దక్కింది.

ఊపిరితిత్తికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. గాలి మార్పిడి కోసం పల్మనరీ ధమనిలో వచ్చేది ఒకటి, ఊపిరితిత్తి కణజాలాన్నే పోషించడానికి బ్రాంకియల్ ధమనుల్లో వచ్చేది మరొకటి. గుండె పంపే రక్తంలో ఈ రెండోదాని వాటా ఒకటి, రెండు శాతమే. ఊపిరితిత్తుల కణితులు ఎక్కువగా ఆధారపడేది మాత్రం దాని మీదే.

మీ రెండో వాక్యంలో నిజం లేకపోలేదు. కొన్ని కణితులు కొత్త నాళాల జోలికే పోవు. గాలి గదుల్లోకి కణాలు నిండుతూ, ఆ గదుల గోడల్లో ముందే ఉన్న నాళాలనే వాడుకుంటాయి. 1997లో ఫ్రాన్చెస్కో పెజ్జెల్లా బృందం దీన్ని స్లైడుల మీద చూపించింది. నాళాలను ఆపే మందు అందరికీ ఎందుకు పనిచేయదన్న ప్రశ్నకు దొరికిన జవాబుల్లో ఇదొకటి.

ప్రశ్న: ల్యాబ్ టెక్నాలజీ చదువుతున్నాను. ఊపిరితిత్తుల కణితుల్లో సూక్ష్మనాళాల సాంద్రత కొలవడం ప్రాజెక్టుగా తీసుకున్నాను. నా లెక్కా, మా సీనియర్ లెక్కా ఎప్పుడూ కలవవు. పద్ధతి కాస్త వివరంగా చెప్పండి.

జవాబు: ఇద్దరి లెక్కలు కలవకపోవడం ఈ పరీక్షకు పుట్టుకతో వచ్చిన జబ్బు. పద్ధతి కట్టుదిట్టంగా ఉంటే తేడా తగ్గుతుంది.

కణజాలం 10 శాతం బఫర్డ్ ఫార్మాలిన్‌లో కనీసం 6 గంటలు నానాలి. రోజుల తరబడి వదిలేస్తే యాంటీజెన్ మరుగున పడి రంగు పలచబడుతుంది. 4 మైక్రాన్ల మందాన కోయండి. ఒక స్లైడు 3, ఇంకోటి 6 మైక్రాన్లు వస్తే అక్కడే లెక్క చెడుతుంది, మందపు కోతలో నాళాలు ఎక్కువ కనిపిస్తాయి. వేడితో యాంటీజెన్‌ను వెలికితీశాక, 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడుతో సహజ పెరాక్సిడేజ్‌ను ఆపడం మరవకూడదు. ఆపకపోతే ఎర్ర రక్తకణాలు కూడా గోధుమ రంగుకు తిరిగి, రక్తస్రావమైన ప్రతిచోటా నాళమున్నట్టు భ్రమ కలుగుతుంది.

ఏ యాంటీబాడీ? సీడీ34 రంగు గట్టిగా, శుభ్రంగా వస్తుంది, కానీ కొన్ని స్ట్రోమా (కణితికి ఆధారంగా ఉండే కణజాలం) కణాలనూ పట్టుకుంటుంది. సీడీ31 నాళాలకు బాగా నప్పుతుంది, అయితే మాక్రోఫేజ్‌లకు, ప్లాస్మా కణాలకు కూడా రంగు పడుతుంది. ఊపిరితిత్తిలో మాక్రోఫేజ్‌లకు కొదవ లేదు. ఫ్యాక్టర్ 8 యాంటీబాడీ సన్నటి కేశనాళికలను చాలావాటిని వదిలేస్తుంది. సీడీ105 చురుగ్గా పెరుగుతున్న నాళాలను ఎక్కువగా పట్టుకుంటుంది. మొదలుపెట్టిన దానితోనే చివరిదాకా పోవాలి, మధ్యలో మారిస్తే పాత అంకెలతో పోల్చడం కుదరదు. అదే స్లైడులో ఉన్న మామూలు నాళానికి రంగు సరిగ్గా పడిందో లేదో ముందు చూసుకోండి. అదే మీ కంట్రోలు.

ముందు 40, 100 రెట్ల పెంపులో స్లైడంతా తిరిగి నాళాలు కిక్కిరిసిన చోట్లు మూడు ఎంచుకోండి. వీటినే హాట్‌స్పాట్లు అంటారు. తర్వాత 200 రెట్లలో లెక్కపెట్టాలి. పక్కవాటి నుంచి స్పష్టంగా విడివడి ఉన్న ప్రతి గోధుమ రంగు కణం, ప్రతి గుంపూ ఒక నాళమే. మధ్యలో రంధ్రం కనబడి తీరాలన్న నియమం లేదు. కండర పొర ఉన్న పెద్ద నాళాలను వదిలేయండి. చచ్చిన కణజాలాన్ని, గట్టిపడిన మచ్చను కూడా ముట్టుకోకండి.

మిగతా అవయవాల్లో లేని చిక్కు ఊపిరితిత్తిలో ఒకటుంది. మామూలు గాలి గదుల గోడలే కేశనాళికలతో కిటకిటలాడుతుంటాయి. కణితి అంచున హాట్‌స్పాట్ ఎంచుకుంటే మీరు లెక్కపెట్టేది కణితి నాళాలను కాదు, ఊపిరితిత్తి సొంత నాళాలను. మీకూ మీ సీనియరుకూ తేడా ఇక్కడే వస్తుండవచ్చు. ఇద్దరూ ఒకే ఫీల్డును విడివిడిగా లెక్కించి చూడండి. అంకెలు కలిస్తే గొడవ హాట్‌స్పాట్ ఎంపికలో ఉన్నట్టు, కలవకపోతే దేన్ని నాళమనాలన్న నియమంలో ఉన్నట్టు.

మైక్రోస్కోపు కూడా చూసుకోవాలి. ఐపీస్ మీద రాసిన ఫీల్డ్ నంబరును ఆబ్జెక్టివ్ పెంపుతో భాగిస్తే ఫీల్డు వ్యాసం మిల్లీమీటర్లలో వస్తుంది. 20 నంబరు ఐపీస్, 20 రెట్ల ఆబ్జెక్టివ్ అయితే వ్యాసం 1 మి.మీ., వైశాల్యం దాదాపు 0.79 చదరపు మి.మీ. నంబరు 22 అయితే వైశాల్యం 0.95కు పోతుంది. అంటే ఒకే స్లైడు మీద ఒకరికి అయిదో వంతు ఎక్కువ నాళాలు వస్తాయి. కాబట్టి ఫలితాన్ని ఫీల్డుకు ఇన్ని అని కాక చదరపు మిల్లీమీటరుకు ఇన్ని అని రాయండి.

ఇవన్నీ చేసినా తేడా తగ్గకపోతే చాక్లీ పద్ధతికి మారండి. 25 చుక్కలున్న గాజు బిళ్లను ఐపీస్‌లో అమర్చి, వీలైనన్ని ఎక్కువ చుక్కలు నాళాల మీద పడేలా తిప్పి, పడిన చుక్కలను లెక్కిస్తారు. మూడు హాట్‌స్పాట్ల సగటు తీసుకుంటారు. ఇది ఒక్కో నాళాన్నీ విడదీసి చూడాల్సిన అవసరం లేని పని, అందుకే మనిషికీ మనిషికీ తేడా తగ్గుతుంది. ఇంకొక మాట. సూది బయాప్సీ ముక్కల మీద ఈ లెక్క చేయకండి. అంత చిన్న ముక్కలో హాట్‌స్పాట్ దొరికిందని అనుకోవడమే పొరబాటు.

ప్రశ్న: ఇంతకీ నాళాలు ఎక్కువుంటే ఆయుష్షు తగ్గుతుందా, తగ్గదా? ఒకచోట అవునని, ఇంకోచోట కాదని ఉంది.

జవాబు: రెండు రకాలుగానూ రాశారన్నది నిజమే. ఆ రాతల వెనకున్న పరిశోధనల వయసు చూస్తే ఎందుకో అర్థమవుతుంది. 1991లో రొమ్ము క్యాన్సర్‌లో నాళాల లెక్కకూ వ్యాధి పాకడానికీ సంబంధం ఉందని తేలాక, ఊపిరితిత్తుల కణితుల మీద కూడా పదుల కొద్దీ చిన్న అధ్యయనాలు వచ్చాయి. అచ్చయిన ఫలితాలన్నిటినీ కలిపి 2002లో వేసిన లెక్కలో, నాళాలు ఎక్కువున్నవారి ఆయుష్షు తక్కువని వచ్చింది.

2007లో మరింత గట్టి పని జరిగింది. అచ్చయిన సారాంశాలను వదిలేసి, 17 కేంద్రాల నుంచి మూడు వేలమందికి పైగా రోగుల అసలు వివరాలనే తెప్పించి, మళ్లీ మొదటి నుంచి లెక్కగట్టారు. వీరంతా వ్యాధి దూరంగా పాకకముందే ఆపరేషన్ చేయించుకున్న నాన్ స్మాల్ సెల్ రకం వారు. నాళాలన్నిటినీ లెక్కపెట్టే పద్ధతిలో ఆయుష్షుకూ లెక్కకూ సంబంధం తేలలేదు. చాక్లీ పద్ధతిలో లీలగా కనిపించింది, వైద్యం మార్చేంత కాదు.

ఎందుకిలా? చిన్న అధ్యయనాల్లో ఎక్కువ, తక్కువ అని విడదీసే గీతను ఫలితాలు చూశాక గీయడం మామూలైపోయింది. ఏ అంకె దగ్గర తేడా బాగా కనిపిస్తే ఆ అంకే గీత. సంబంధం దొరికిన పనులు అచ్చయ్యాయి, దొరకనివి బీరువాల్లో ఉండిపోయాయి. దీనికి తోడు, పైన ఒక జవాబులో చెప్పిన, కొత్త నాళాలతో పనిలేకుండా పెరిగే కణితులున్నాయి. వాటిలో లెక్క ఏం చెబుతుంది? నాళాలు తక్కువున్నంత మాత్రాన ఆ కణితి మంచిదైపోదు.

మా అభిప్రాయం దాపరికం లేకుండా చెబుతున్నాం: రోగి కోసమని ఈ పరీక్ష చేయించకండి. చేసినా ఆ అంకెను బట్టి ఏ మందూ మారదు, కుటుంబానికి మాత్రం నిద్ర పట్టదు. ఆయుష్షును నిజంగా చెప్పేది దశ. ఆపరేషన్ తర్వాత ఖరారైన దశను బట్టి అయిదేళ్లు దాటినవారు 1ఏ1లో 90 శాతం, 2ఏలో 65, 2బీలో 56, 3ఏలో 41 శాతం. లింఫు గ్రంథుల్లోకి పాకిందా లేదా అన్న ఒక్క సంగతి ముందు నాళాల లెక్క నిలవదు. రోగి లేచి తిరుగుతూ తన పనులు తాను చేసుకోగలుగుతున్నారా, బరువు తగ్గారా, జన్యు మార్పు ఏముంది, పీడీ-ఎల్1 (రోగనిరోధక కణాలను అడ్డుకునే ప్రొటీన్) ఎంత అన్నవి ఆ తర్వాతి వరుసలో వస్తాయి.

ప్రశ్న: మా అన్నయ్యకు నాలుగో దశ, స్క్వామస్ రకం. పక్క బెడ్డులో ఉన్నాయనకు రక్తనాళాలను ఆపే ఇంజెక్షన్ ఇస్తున్నారు. మా అన్నయ్యకు కుదరదన్నారు. డబ్బు కట్టలేమనుకుని అలా చెప్పారేమోనని వదినకు అనుమానం.

జవాబు: మీ వదినగారికి చెప్పండి, ఆ ఇంజెక్షన్ ఇవ్వకపోవడం మీ అన్నయ్యను కాపాడడానికే. బెవాసిజుమాబ్ అనే ఆ ఇంజెక్షన్‌ను తొలిసారి ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో పరీక్షించినప్పుడు ఆరుగురికి ప్రాణాంతకంగా రక్తస్రావమైంది, వారిలో నలుగురు చనిపోయారు. ఎవరికి అలా జరిగిందని చూస్తే స్క్వామస్ రకం, మధ్యలో కుళ్లి గుల్లబారిన కణితి, పెద్ద రక్తనాళాలకు ఆనుకుని ఉన్న కణితి అని తేలింది. స్క్వామస్ కణితులు తరచుగా ఊపిరితిత్తి మధ్యభాగంలో, పెద్ద నాళాల పక్కనే వస్తాయి. మందుకు కణితి చచ్చి గుల్లబారితే పక్కనున్న నాళం గోడ తెగిపోవచ్చు.

ఆ తర్వాత 878 మందితో జరిగిన పెద్ద పరీక్షలో స్క్వామస్ వారిని చేర్చుకోలేదు. అయినా కీమోతో పాటు ఈ మందు పొందినవారిలో 4.4 శాతం మందికి తీవ్ర రక్తస్రావమైంది. కీమో ఒక్కటే పొందినవారిలో అది 0.7 శాతం. స్క్వామస్ కాని రకంలో కూడా కఫంలో అర టీస్పూను, అంటే 2.5 మి.లీ., ఎర్రటి రక్తం పడ్డవారికి ఈ మందు ఇవ్వరు.

స్క్వామస్ వారికి దారులన్నీ మూసుకుపోలేదు. రామ్యుసిరుమాబ్ అనే మందు వీఈజీఎఫ్‌ను కాక అది వాలే రిసెప్టరును అడ్డుకుంటుంది. మొదటి వైద్యం పనిచేయడం మానేశాక, డోసిటాక్సెల్ అనే కీమో మందుతో కలిపి మూడు వారాలకోసారి కిలో బరువుకు 10 మి.గ్రా. చొప్పున ఇస్తారు. దాని పరీక్షలో స్క్వామస్ వారు కూడా ఉన్నారు. మధ్యస్థ ఆయుష్షు (సగంమంది బతికున్న కాలం) 9.1 నెలల నుంచి 10.5 నెలలకు పెరిగింది. రక్తస్రావం భయం దీనికీ ఉంది కాబట్టి స్కానులో కణితి పెద్ద నాళాన్ని ఆనుకుందా, గుల్లబారిందా అన్నది చూసే నిర్ణయిస్తారు. వీఈజీఎఫ్‌నూ, రోగనిరోధక కణాల మీద ఉండే పీడీ-1నూ ఒకేసారి పట్టుకునే ఇవొనెసిమాబ్ అనే కొత్త మందును చైనాలో పీడీ-ఎల్1 పాజిటివ్ రోగుల మీద, స్క్వామస్ వారితో సహా, పరీక్షించారు. వ్యాధి ముదరకుండా ఆగిన కాలం 11.1 నెలలు, పోల్చి చూసిన పెంబ్రోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ (రోగనిరోధక శక్తిని కణితి మీదికి కదిలించే వైద్యం) మందుతో 5.8 నెలలు అని 2024లో తేలింది. మీ అన్నయ్యకు ఇప్పుడు అడగాల్సింది పీడీ-ఎల్1 ఫలితం, ఇమ్యునోథెరపీ సంగతి.

ప్రశ్న: బెవాసిజుమాబ్‌తో ఆయుష్షు 10.3 నెలల నుంచి 12.3 నెలలు! రెండు నెలల కోసమా ఇంత వైద్యం?

జవాబు: ఆ అంకెలు పైన చెప్పిన 878 మంది పరీక్షలో, కీమో మాత్రమే, కీమోతో బెవాసిజుమాబ్ అన్న పోలికలోవి. అవి మధ్యస్థ అంకెలు: ఆ సమయానికి సగంమంది బతికున్నారని అర్థం. ప్రతి రోగికీ సరిగ్గా రెండు నెలలు కలిశాయని కాదు. కొందరికి ఏమీ కలవలేదు, కొందరికి చాలా కలిసింది. అదే పరీక్షలో రెండేళ్ల తర్వాత బతికున్నవారు 15 శాతం నుంచి 23 శాతానికి పెరిగారు. ఆ పైచేయి ఎవరికి దొరుకుతుందో ముందుగా చెప్పే పరీక్ష ఇంతవరకు ఏదీ రుజువు కాలేదు. అట్లని ఇది గొప్ప మందని కూడా మేమనం. ఇమ్యునోథెరపీ వచ్చాక దీని పాత్ర కుదించుకుపోయింది. బెవాసిజుమాబ్, కీమోకు అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందు జోడించినప్పుడు మధ్యస్థ ఆయుష్షు 14.7 నుంచి 19.2 నెలలకు వెళ్లింది. ఈజీఎఫ్ఆర్ మార్పు ఉన్నవారిలో ఆ మార్పును అడ్డుకునే ఎర్లోటినిబ్ మాత్రకు రామ్యుసిరుమాబ్ కలిపితే వ్యాధి ముదరకుండా ఆగిన కాలం 12.4 నెలల నుంచి 19.4 నెలలైంది.

ప్రశ్న: రక్తనాళాలను మూసేస్తే కీమో మందు కణితికి ఎలా చేరుతుంది? రెండూ కలిపి ఇవ్వడం అర్థం కాలేదు.

జవాబు: మంచి ప్రశ్న, పరిశోధకులను కూడా చాలాకాలం వేధించినదే. కణితి నాళాలు మామూలు నాళాల్లా ఉండవు. వంకర్లు తిరిగి, కొన్నిచోట్ల ఉబ్బి, గోడలకు తూట్లు పడి ఉంటాయి. చిల్లుల పైపులో నీళ్లు దారి పొడవునా కారిపోయి చివరి మడికి చేరనట్టే, రక్తంలోని ద్రవం బయటికి కారి కణితి లోపల ఒత్తిడి పెరుగుతుంది. ఆ ఒత్తిడికి మందు లోపలికి దిగదు. నాళాలు ఎన్నో ఉన్నా కణితిలో చాలాచోట్ల ఆక్సిజన్ కరువే. అలా ఊపిరాడని కణాలను రేడియేషన్‌తో చంపాలంటే రెండున్నర నుంచి మూడు రెట్ల మోతాదు కావాలి. కొత్త నాళాల సంకేతాన్ని కొంత తగ్గిస్తే పనికిమాలిన నాళాలు రాలిపోయి, మిగిలినవి కాస్త తిన్నగా, గట్టిగా తయారవుతాయని రాకేశ్ జైన్ అనే శాస్త్రవేత్త 2001లో ప్రతిపాదించారు. ఆ కొద్దికాలంలో కీమో, ఆక్సిజన్, రోగనిరోధక కణాలు లోపలికి బాగా చేరతాయి. ఆ అవకాశం ఎక్కువకాలం నిలవదు, మందు మోతాదు మరీ ఎక్కువైతే ఉన్న నాళాలు కూడా పోతాయి.

ప్రశ్న: అమ్మకు మూడు వారాలకోసారి బెవాసిజుమాబ్, కీమో ఇస్తున్నారు. రెండో డోసు తర్వాత బీపీ 160/100 వచ్చింది. పన్ను తీయించుకోవాలి కూడా. ఏం జాగ్రత్త పడాలి?

జవాబు: పన్ను సంగతి ముందు చెబుతాం, ఎందుకంటే అక్కడ తొందరపడితే నష్టం ఎక్కువ. ఈ మందు గాయం మానడానికి కావలసిన కొత్త నాళాలను కూడా ఆపుతుంది. దాని ప్రభావం శరీరంలో సగానికి తగ్గడానికే దాదాపు 20 రోజులు పడుతుంది. ముందుగా అనుకుని చేసే ఆపరేషన్‌కు కనీసం 28 రోజుల ముందు ఆపాలి. ఆపరేషన్ తర్వాత కనీసం 28 రోజులు గడిచి, గాయం పూర్తిగా మానాకే మళ్లీ మొదలుపెట్టాలి. పన్ను తీయడం చిన్న పనే అయినా ఆంకాలజిస్టుకు చెప్పకుండా చేయించవద్దు. ఎముకల కోసం జోలెడ్రోనిక్ యాసిడ్ కూడా తీసుకుంటుంటే దవడ ఎముక కుళ్లే ప్రమాదం ఇంకా పెరుగుతుంది, ఆ మాట దంతవైద్యుడికి తప్పక చెప్పాలి.

బీపీ పెరగడం ఈ మందుతో తరచుగా జరిగేదే. నాళాలు వదులుగా ఉండడానికి తోడ్పడే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గడం ఒక కారణం. 160/100ను వదిలేయకూడదు, అలాగని ఆ ఒక్క కారణంతో క్యాన్సర్ మందు మానేయాల్సిన పని కూడా సాధారణంగా రాదు. ఇంట్లో ఉదయం, సాయంత్రం కొలవండి: అయిదు నిమిషాలు కుర్చీలో వీపు ఆనించి కూర్చుని, చేయి గుండె ఎత్తులో ఉంచి, ఒక నిమిషం తేడాతో రెండుసార్లు. తేదీతో రాసి పెట్టి డాక్టరుగారికి చూపించండి. బీపీ మాత్ర మొదలుపెట్టడమో మోతాదు పెంచడమో ఆయన చూసుకుంటారు. బెవాసిజుమాబ్ ఆపినప్పుడు బీపీ పడిపోవచ్చు, కాబట్టి అప్పుడు కూడా కొలవడం ఆపకండి.

ప్రతి డోసు ముందు మూత్రంలో ప్రొటీన్ చూడాలి. స్ట్రిప్పులో రెండు ప్లస్‌లు గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే 24 గంటల మూత్రం పట్టిస్తారు. 2 గ్రాములు దాటితే మందు ఆపి, తగ్గాక మళ్లీ ఇస్తారు. ఆ 24 గంటల పరీక్షలో జరిగే తప్పు ఎప్పుడూ ఒకటే, రెండు ఉదయాల మొదటి మూత్రాన్నీ పట్టేయడం. పొద్దున లేవగానే వచ్చిన మొదటి మూత్రాన్ని పారబోసి, ఆ తర్వాతి నుంచి పట్టి, మర్నాటి మొదటి మూత్రంతో ముగించాలి. అలా కాక రెండూ పట్టేస్తే అంకె లేనిపోనిదిగా పెరుగుతుంది.

ముక్కు నుంచి కొద్దిగా రక్తం రావడం మామూలే, పదిహేను నిమిషాలు గట్టిగా నొక్కి పట్టినా ఆగకపోతే ఆసుపత్రికి వెళ్లాలి. ఉన్నట్టుండి కడుపులో తీవ్రమైన నొప్పి వస్తే అది పేగుకు రంధ్రం పడడం కావచ్చు. భరించలేని తలనొప్పి, చూపు మసకబారడం, మాట తడబడడం, ఒక కాలు వాచడం, గుండెల్లో బరువు, కఫంలో ఎర్రటి రక్తం కనిపిస్తే తెల్లారేదాకా ఆగవద్దు. ఈ మందు వాడుతున్నారని డ్యూటీ డాక్టరుకు మొదటి మాటగా చెప్పాలి. నొప్పి మాత్రలు సొంతంగా వేయవద్దు, ఐబుప్రొఫెన్ వంటివి రక్తస్రావాన్ని, బీపీని, కిడ్నీల మీద భారాన్ని మూడింటినీ పెంచుతాయి.

ప్రశ్న: ఆపరేషన్ తర్వాత వ్యాధి మళ్లీ రాకుండా ముందుగానే ఈ నాళాల మందు ఇస్తే మంచిదేమో కదా?

జవాబు: 1,501 మందితో సరిగ్గా ఇదే పరీక్షించారు, ఫలితాలు 2017లో వచ్చాయి. ఆపరేషన్ తర్వాత కీమోకు బెవాసిజుమాబ్ కలిపినా ఆయుష్షు పెరగలేదు. బీపీ వంటి ఇబ్బందులు మాత్రం పెరిగాయి. కాబట్టి ఇవ్వరు.

ప్రశ్న: రక్తంలో వీఈజీఎఫ్ ఎంతుందో పరీక్ష చేయించాం, ఎక్కువ వచ్చింది. భయపడాలా?

జవాబు: అక్కరలేదు. వీఈజీఎఫ్ ప్లేట్‌లెట్లలో దాగి ఉంటుంది. సీరం కోసం రక్తాన్ని గడ్డకట్టనిచ్చినప్పుడు అవి పగిలి దాన్ని వదిలేస్తాయి. అందుకే ప్లాస్మా కంటే సీరంలో అంకె బాగా ఎక్కువ వస్తుంది, ప్లేట్‌లెట్లు పెరిగిన మనిషిలో మరీను. మందు ఎంచుకోవడానికి గానీ, వ్యాధి తగ్గిందో లేదో చూడడానికి గానీ ఈ పరీక్షను వాడరు. దానికి సీటీ స్కానే ఆధారం.

ప్రశ్న: సొరచేప మృదులాస్థి క్యాప్సూల్స్ కణితికి రక్తం అందకుండా చేస్తాయంటున్నారు. కీమోతో పాటు మామయ్యకు ఇవ్వవచ్చా?

జవాబు: వద్దు. సొరచేప మృదులాస్థి సారంతో తయారుచేసిన ఏఈ-941 అనే మందును మూడో దశ ఊపిరితిత్తుల క్యాన్సర్ రోగులు 379 మందిలో, కీమో, రేడియేషన్‌లతో పాటు పరీక్షించారు. 2010లో వచ్చిన ఫలితం: మందు తీసుకున్నవారి మధ్యస్థ ఆయుష్షు 14.4 నెలలు, ఉత్తుత్తి మందు తీసుకున్నవారిది 15.6 నెలలు. అంటే లాభమేమీ లేదు. ఆ డబ్బు వృథా కావడం ఒకటైతే, ఏ క్యాప్సూల్‌లో ఏం కలిపారో తెలియకుండా కీమోతో కలపడం ఇంకా పెద్ద నష్టం. ఇప్పటికే ఇస్తుంటే దాచకుండా డాక్టరుగారికి డబ్బా చూపించండి.

ప్రశ్న: నాన్నకు దగ్గితే రక్తం పడుతోంది. ఒకవేళ ఎక్కువైతే ఆసుపత్రికి చేరేలోగా ఇంట్లో ఏం చేయాలి? రక్తనాళం మూసే చికిత్స ఉందంటున్నారు, అది ఈ ఇంజెక్షనేనా?

జవాబు: అది వేరు. ముందు ఇంట్లో చేయాల్సింది చూడండి. రక్తం దగ్గేవారికి ప్రాణాపాయం రక్తం పోవడం వల్ల కన్నా ఊపిరి దారి రక్తంతో నిండిపోవడం వల్లే ఎక్కువ. పెద్దవారిలో శ్వాసనాళాల మొత్తం ఖాళీ దాదాపు 150 మి.లీ. మాత్రమే. అందుకని కణితి ఏ వైపు ఉందో ఇంట్లో అందరికీ ముందే తెలిసి ఉండాలి. రక్తం ఎక్కువగా పడితే ఆ వైపు కిందికి వచ్చేలా పక్కకు తిప్పి పడుకోబెట్టండి. అప్పుడు రక్తం బాగున్న ఊపిరితిత్తిలోకి జారదు. వెల్లకిలా పడుకోబెట్టడం, నీళ్లు తాగించడం చేయకండి. దగ్గు ఆపే సిరప్ వేయవద్దు, దగ్గితేనే దారి శుభ్రపడుతుంది. పడిన రక్తాన్ని కొలతలున్న గిన్నెలో పట్టండి. ఎంత పడిందన్నది డాక్టరు అడిగే మొదటి ప్రశ్న. చారలు చారలుగా పడితే ఆ రోజే ఫోన్ చేయాలి. టీస్పూన్ల కొద్దీ పడుతుంటే, ఊపిరి ఆయాసంగా ఉంటే వెంటనే అత్యవసర విభాగానికి. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే పేరు, చివరి మోతాదు వేసిన సమయం రాసి తీసుకెళ్లండి.

మీరు విన్న చికిత్స బ్రాంకియల్ ధమని ఎంబోలైజేషన్. ఎక్కువగా రక్తం దగ్గేవారిలో పదింట తొమ్మిదిసార్లు రక్తం వచ్చేది పల్మనరీ ధమని నుంచి కాదు, కణితిని పోషించే బ్రాంకియల్ ధమనుల నుంచి. తొడ దగ్గరి ధమని గుండా సన్నటి గొట్టాన్ని అక్కడిదాకా తీసుకెళ్లి, 300 నుంచి 500 మైక్రాన్ల రేణువులు వదిలి ఆ ధమనిని మూసేస్తారు. మత్తు పూర్తిగా ఇవ్వాల్సిన పని సాధారణంగా ఉండదు. వెన్నుపాముకు రక్తమిచ్చే సన్నటి ధమని కొందరిలో అక్కడి నుంచే చీలుతుంది, దాన్ని మూస్తే కాళ్లు పడిపోయే ప్రమాదం ఉంది. అరుదే అయినా, రేణువులు వదిలే ముందు రంగు మందు ఎక్కించి బొమ్మ తీసి చూసేది అందుకే. తర్వాత రెండు మూడు రోజులు ఛాతీ నొప్పి, కొద్దిగా జ్వరం ఉండవచ్చు. చాలామందిలో రక్తం అప్పటికప్పుడు ఆగుతుంది. అయితే కణితి అలాగే ఉంటుంది కాబట్టి కొన్ని వారాల్లో మళ్లీ పడవచ్చు. ఆగిన ఆ వ్యవధిలోనే రేడియేషనో, వేరే వైద్యమో మొదలుపెట్టేందుకు ఆంకాలజిస్టుతో తేదీ ఖాయం చేసుకునే డిశ్చార్జి తీసుకోండి.